జెడ్4కి కొత్త టైర్లు: వెనక సైజు నుంచి మొదలుపెట్టిన డైరీ

కారు 2011 బీఎండబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్35ఐ, ఈ89 మోడల్, రెండు సీట్లు, మడిచే కప్పు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. 3 లీటర్ల ట్విన్ టర్బో ఇంజిన్, 306 హార్స్‌పవర్. ఆ బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది. టైర్లు ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18, నాలుగూ రన్‌ఫ్లాట్లే (గాలి పోయినా కొంతదూరం నడిచేవి). ఉండేది హైదరాబాద్‌లో. సగం సిటీలో, సగం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద తిరుగుతుంది. సెలవు దొరికితే అనంతగిరి, శ్రీశైలం. ట్రాక్ మీద తిప్పే ఉద్దేశం లేదు. ఇలాంటి కారుకి టైర్లు మార్చాలనుకునేవాళ్లకి పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, బెడిసికొట్టిన పనులు వరసగా రాసిపెట్టాను.

దశ 1: పాత టైర్లు ఏ స్థితిలో ఉన్నాయి (ఏప్రిల్)

ముందు కొన్న పనిముట్లు, ధరలు రూపాయల్లో: ట్రెడ్ (టైరు గాడుల) లోతు గేజ్ 350, డిజిటల్ గాలి గేజ్ 1,200, రబ్బరు గట్టిదనం చూసే షోర్-ఎ డ్యూరోమీటర్ 1,600, టార్క్ రెంచ్ 3,400, చక్రం ఎక్కించేటప్పుడు బోల్టు రంధ్రాలు కలపడానికి గైడ్ పిన్ను 450. ఈ కార్లకి స్టడ్లు, నట్లు ఉండవు, బోల్టులే. పిన్ను లేకుండా ఒక్కడే చక్రం ఎక్కించడం నడుముకి మంచిది కాదు.

1. కారు రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున ఎండ తగలకముందే గాలి చూడాలి.
2. ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు విడివిడిగా కొలవాలి. చుట్టూ కొన్ని చోట్ల కొలిచి సగటు తీయాలి.
3. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు రాసుకోవాలి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.
4. డ్యూరోమీటర్ నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి.

వచ్చిన కొలతలు మి.మీ.లలో, లోపల / మధ్య / బయట:

- ముందు ఎడమ: 4.1 / 4.6 / 3.9
- ముందు కుడి: 4.0 / 4.5 / 3.7
- వెనక ఎడమ: 1.9 / 3.4 / 3.6
- వెనక కుడి: 1.7 / 3.3 / 3.5

మన దేశంలో కారు టైరుకి చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. బయట నిలబడి చూసేవాళ్లకి వెనక టైర్లు ఇంకో ఏడాది నడుస్తాయనే అనిపిస్తుంది. అసలు అరుగుదల లోపలి అంచున ఉంది. ఈ కారు వెనక చక్రాలు పైభాగం లోపలికి వంగి ఉంటాయి, దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. దానికి తోడు టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కాస్త తప్పితే లోపలి అంచు త్వరగా పోతుంది. ముందు చక్రాలు స్టీరింగ్ తిప్పితే కనిపిస్తాయి. వెనకవాటికి ఫోన్ కెమెరా కారు కిందకి పెట్టి ఫొటో తీయడమే తేలిక.

ఆ ఫొటోలోనే ఇంకొకటి బయటపడింది. వెనక ఎడమ టైరు లోపలి సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత ఉబ్బు. ఎక్కడో గుంతలో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగాయన్నమాట. దీనికి రిపేరు లేదు.

ముందు టైర్లలో ట్రెడ్ ఉంది. కానీ డాట్ కోడ్ 3216, అంటే 2016లో తయారైనవి. డ్యూరోమీటర్ 77 చూపించింది, అంటే రబ్బరు గట్టిపడింది. వీటిని ఉంచి వెనక మాత్రమే కొత్తవి వేస్తే వెనక పట్టు ఎక్కువై, వానలో ముందు చక్రాలు తిప్పినచోటికి తిరగకుండా నేరుగా జారతాయి. నాలుగూ మార్చాలని తేల్చుకున్నాను.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 7,000

దశ 2: సైజు లెక్కలు

"గుంతల రోడ్లు కదా, ఒక సైజు పెంచండి" అని చెప్పనివాళ్లు లేరు. కాబట్టి లెక్క వేశాను. 18 అంగుళాల రిమ్ము అంటే 457.2 మి.మీ. 225/40లో 225 టైరు వెడల్పు మి.మీ.లలో, 40 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం. రిమ్ముకి సైడ్‌వాల్ ఎత్తు రెండింతలు కలిపితే టైరు వ్యాసం వస్తుంది.

- 225/40: సైడ్‌వాల్ 90 మి.మీ., వ్యాసం 637.2
- 255/35: సైడ్‌వాల్ 89.25, వ్యాసం 635.7
- 225/45: సైడ్‌వాల్ 101.25, వ్యాసం 659.7
- 255/40: సైడ్‌వాల్ 102, వ్యాసం 661.2
- 235/40: సైడ్‌వాల్ 94, వ్యాసం 645.2
- 265/35: సైడ్‌వాల్ 92.75, వ్యాసం 642.7

కంపెనీ ఇచ్చిన ముందు, వెనక వ్యాసాల మధ్య తేడా 1.5 మి.మీ. మాత్రమే. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ చక్రాల వేగాలు పోల్చుకుంటూ పనిచేస్తాయి కాబట్టి ఆ తేడా పెరగకూడదు. 225/45, 255/40 జత వేస్తే తేడా 1.5 మి.మీ.లోనే ఉంటుంది (ఈసారి వెనకది పెద్దది), సైడ్‌వాల్ దాదాపు 12 మి.మీ. పెరుగుతుంది. కానీ వ్యాసం 3.5 నుంచి 4 శాతం పెరిగినట్టు. మోడలింగ్ క్లే ముద్దలు ఫెండర్ లోపల అంటించి స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూస్తే ముందు చక్రానికి లైనర్‌తో ఉన్న సందు 9 మి.మీ. తేలింది. టైరు వ్యాసార్థం ఇంకో 11 పెరిగితే గుంతలో దిగినప్పుడు తగలక మానదు.

265/35 ఇంకో కారణంతో పోయింది. ఆ సైజుకి కనీసం 9 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. నా వెనక రిమ్ము 8.5. అసలు 255/35 కూడా 8.5 దగ్గరే మొదలవుతుంది, అంటే ఇప్పటికే కింది గీత మీద ఉన్నాం. 235/40 ముందు రిమ్ముకి సరిపోతుంది, కానీ వెనకదానితో పోలిస్తే 9.5 మి.మీ. తేడా వస్తుంది. వద్దు.

బరువు సూచీ: 225/40కి 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 92 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అయితే 630. 255/35కి 90 అంటే 600, 94 ఎక్స్‌ఎల్ అయితే 670. కారు దాదాపు 1,600 కిలోలు, మనుషులు ఇద్దరే. అవసరం కోసం కాకపోయినా రెండూ ఎక్స్‌ఎల్ తీసుకోవాలనుకున్నాను. ఎక్స్‌ఎల్ టైరు నిర్మాణం గట్టిగా ఉంటుంది, రన్‌ఫ్లాట్ నుంచి మారేటప్పుడు సైడ్‌వాల్ మరీ మెత్తబడకుండా అది కొంత కాస్తుంది.

స్పీడ్ రేటింగ్ వై అంటే 300 కిలోమీటర్ల వేగం. ఓఆర్ఆర్ మీద పరిమితి 120. ఈ సైజుల్లో దొరికేవన్నీ డబ్ల్యూ లేదా వై రేటింగువే కాబట్టి దాని మీద తల పగలగొట్టుకోలేదు.

నిర్ణయం: కంపెనీ సైజే.

దశ 3: రన్‌ఫ్లాట్ ఉంచాలా, వదలాలా

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

రన్‌ఫ్లాట్‌లో సైడ్‌వాల్ లోపల మందపాటి రబ్బరు పొర ఉంటుంది. గాలి పూర్తిగా పోయినా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చన్నది మామూలు లెక్క. అందుకే జెడ్4లో స్టెప్నీ లేదు, దానికి చోటూ లేదు. కప్పు మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు. కప్పు మడిచి లోపలికి పంపితే 180. చిన్న స్టెప్నీ పెట్టినా సామాను ఒళ్లో పెట్టుకోవాలి. ఒక చక్రం పక్క సీట్లో బెల్టు పెట్టి తీసుకెళ్తే ఎలా ఉంటుందని ఇంట్లో అడిగాను. "మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అన్న ప్రశ్నతో ఆ ఆలోచన ముగిసింది.

రన్‌ఫ్లాట్ వదలాలని ఎందుకు అనిపించింది: గట్టి సైడ్‌వాల్ వల్ల స్పీడ్ బ్రేకరు దెబ్బ, గుంత దెబ్బ నేరుగా రిమ్ముకి చేరుతాయి. పాత టైరుకి ఉబ్బు రావడం చూశాక "రన్‌ఫ్లాట్ అయితే మన రోడ్లకి భద్రం" అన్న మాట మీద నమ్మకం పోయింది. పైగా వెనక సైజు రన్‌ఫ్లాట్‌కి ఆర్డరు పెట్టి ఎప్పుడొస్తుందో తెలియకుండా కూర్చోవాలి.

ఉంచాలని ఎందుకు అనిపించింది: ఒక్క మాటలో శ్రీశైలం రోడ్డు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసేస్తారు. ట్రెడ్‌లో మేకు దిగితే కిట్‌తో బయటపడొచ్చు. సైడ్‌వాల్ కోసుకుపోతే మాత్రం ఏ కిట్టూ పనిచేయదు, ఫ్లాట్‌బెడ్ (కారుని ఎక్కించుకుని తీసుకెళ్లే బండి) ఒక్కటే దిక్కు. ఇది రన్‌ఫ్లాట్ వదిలినవాళ్లు మోయాల్సిన రిస్కు, దాన్ని తగ్గించి చెప్పడంలో అర్థం లేదు.

2020 జూలైలో కేంద్రం నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక వ్యవస్థ, రిపేరు కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. అది కొత్త కార్ల తయారీదారులకి సంబంధించిన సంగతి అనుకోండి. కానీ ఆ మూడూ కలిసి ఉంటేనే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్న లెక్క నాకు నచ్చింది, దాన్నే పట్టుకున్నాను.

కిట్ సమకూర్చడం:

1. 12 వోల్టుల కంప్రెసర్. మొదట కొన్న 1,450 రూపాయలది ఖాళీ చేసిన వెనక టైరు మీద పరీక్షిస్తే 22 పీఎస్ఐ దగ్గర వేడెక్కి ఆగిపోయింది. అరగంట చల్లారాక కూడా తిరగలేదు. పెట్టె మీద "150 పీఎస్ఐ" అని రాసి ఉంటుంది. సైకిల్ ట్యూబుకైతే వస్తుందేమో. రెండోది లోహపు సిలిండర్ ఉన్నది, 4,600. అదే టైరుని సున్నా నుంచి 32కి ఏడు నిమిషాల్లో నింపింది.
2. తాడు పంచర్ కిట్, 650.
3. సీలెంట్ డబ్బా, 900. చివరి దిక్కుగా మాత్రమే. ఒకసారి కొడితే లోపలంతా జిగురై, తర్వాత పక్కా ప్యాచ్ వేసే కుర్రాడు మనల్ని తిట్టుకుంటాడు.
4. చిన్న సిజర్ జాకీ, కారు కింద ప్లాస్టిక్ ప్యాడ్‌కి సరిపోయే రబ్బరు దిమ్మ, కలిపి 1,900.

అన్నీ డిక్కీ పక్క అరలో పట్టాయి.

దశ ఖర్చు: రూ. 9,500. మొత్తం: రూ. 16,500

దశ 4: దొరికేవి ఏవి (మే)

విదేశీ రివ్యూలు చదివి మనసులో ఒక టైరు ఖాయం చేసుకుని దుకాణానికి వెళ్తే సమయం వృథా. 2020 జూన్ 12న డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) కొత్త టైర్ల దిగుమతిని 'స్వేచ్ఛగా' నుంచి 'పరిమితం' కింద మార్చింది. అప్పటినుంచి లైసెన్సు ఉంటేనే దిగుమతి. దానికి ముందునుంచే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కాబట్టి బయట దేశాల్లో ఉన్న ప్రతి మోడలూ, ప్రతి సైజూ ఇక్కడికి రాదు. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. అయినా ఇంత తక్కువ అమ్ముడయ్యే సైజు దుకాణంలో సిద్ధంగా ఉండాలని కోరుకోవడం అత్యాశే.

రాణిగంజ్‌లో విన్నమాట: "సార్, ముందు సైజు ఏదడిగినా ఇస్తా. వెనకది గీ సైజు రాదు. వెనక్కి వేరే కంపెనీది పెట్టుకోండి, ఏం కాదు."

ఏం కాదని నేను అనుకోను. ముందొక రకం, వెనకొక రకం రబ్బరు వేస్తే పొడి రోడ్డు మీద తెలియదు. తడి రోడ్డు మీద ఒకటి ముందు జారుతుంది. అది వెనకదైతే, వెనక చక్రాల మీద 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న కారులో, కారు గిరగిరా తిరుగుతుంది. అప్పటినుంచి అడిగే పద్ధతి మార్చాను. 255/35 ఆర్18 చేతిలో ఉందా, ఏ సంవత్సరానిది, తర్వాతే అదే మోడల్‌లో 225/40 ఉందా. ఈ వరసలో అడిగితే జాబితా దానంతట అదే చిన్నదైపోయింది.

పక్కన పెట్టినవి:

- రన్‌ఫ్లాట్, బీఎండబ్ల్యూ ఆమోదానికి గుర్తుగా నక్షత్రం ఉన్నది. ముందు జత ఉంది, వెనక జతకి తేదీ చెప్పలేదు.
- ట్రెడ్‌వేర్ (అరుగుదల గ్రేడు) 200 ఉన్న, ట్రాక్ వైపు మొగ్గే రకాలు. వానాకాలం ముందు కొనాల్సినవి కావు, నిలిచిన నీళ్లలో తేలతాయి.
- తక్కువ ధర టూరింగ్ రకం. నిశ్శబ్దంగా, ఎక్కువ కాలం వస్తాయి. సెడాన్‌కైతే అవే కొనేవాణ్ని.

మిగిలింది మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్. ముందు 225/40 జెడ్‌ఆర్18 92వై ఎక్స్‌ఎల్, వెనక 255/35 జెడ్‌ఆర్18 94వై ఎక్స్‌ఎల్. ట్రెడ్‌వేర్ 300, ట్రాక్షన్ ఏఏ, టెంపరేచర్ ఏ. ఈ అంకెల గురించి ఒక మాట. ట్రెడ్‌వేర్ పరీక్ష అమెరికాలోని టెక్సాస్ రోడ్ల మీద 7,200 మైళ్లు నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి ఇచ్చేది. గ్రేడు వేసుకునేది టైరు కంపెనీయే. ఒకే కంపెనీ రెండు మోడళ్లని పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య కాదు. ట్రాక్షన్ ఏఏ మాత్రం తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసిన పరీక్ష, మలుపుల పట్టు అందులో లేదు.

వచ్చిన పార్సిల్‌లో ముందు జత 0824. వెనక జత 4622. ఆర్డరు ఇచ్చేటప్పుడు "ఏడాదిన్నర లోపువే" అని రాయించుకున్నాను కాబట్టి వెనక జత తిప్పి పంపగలిగాను. సరిగ్గా నిల్వ చేసిన పాత స్టాకు టైరు పాడైపోయిందని కాదు. ఐదేళ్లు వాడాక ఏటా చూపించుకోమని, పదేళ్లకి ఎలాగూ మార్చమని మిషెలిన్ చెబుతుంది. కానీ ధర కొత్తదాని ధరే అయినప్పుడు అంత ఆయుష్షు నేనెందుకు వదులుకోవాలి? మారి వచ్చిన జత 0324. కొత్త రబ్బరు డ్యూరోమీటర్ మీద 66.

ముందు జత 43,000, వెనక జత 55,600.

దశ ఖర్చు: రూ. 98,600. మొత్తం: రూ. 1,15,100

దశ 5: విప్పడం, ఎక్కించడం

రన్‌ఫ్లాట్ విప్పడానికి పక్కన సహాయక చేయి ఉన్న మెషీన్ కావాలి. ఈ రిమ్ముల అంచు దగ్గర గట్టు మామూలుకంటే ఎత్తుగా ఉంటుంది, గాలి పోయినా టైరు జారిపోకుండా. అందుకే బీడ్ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) తేలిగ్గా ఊడదు. సాదా టైరు ఆ రిమ్ముకే చక్కగా సరిపోతుంది, ఎక్కించేటప్పుడు మాత్రం సబ్బు నీళ్లు ధారాళంగా వాడమనాలి.

విప్పాక ప్రతి రిమ్మునీ బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పి డయల్ గేజ్ పెట్టించి వంకర కొలిపించాను. మూడు 0.4 మి.మీ. లోపే ఉన్నాయి. ఉబ్బు ఉన్న టైరు తాలూకు వెనక ఎడమ రిమ్ము లోపలి అంచు 1.4 మి.మీ. వంగి ఉంది. పగులు ఉందేమోనని ఒకవైపు కిరోసిన్ పూసి, రెండోవైపు సుద్ద రాసి గంట వదిలేశాం. సుద్ద మీద తడి గీత పడలేదు. హైడ్రాలిక్ ప్రెస్ మీద, గ్యాస్ మంట పెట్టకుండా సరిచేయించాను. మంట పెడితే అల్లాయ్‌కి ఉన్న బలం పోతుంది. తర్వాత కొలత 0.5. ఖర్చు 2,500.

ఎక్కించేటప్పుడు చూసుకోవాల్సినవి:

1. ఈ టైర్లకి తిరిగే దిశ లేదు, కానీ లోపల, బయట ఉంది. వెనక కుడిది తిరగేసి ఎక్కించారు. గాలి కొట్టకముందే కనిపించింది కాబట్టి విప్పి మళ్లీ ఎక్కించారు.
2. రబ్బరు వాల్వులు తీసి లోహపువి వేయించాలి. నాలుగింటికి 800.
3. బోల్టులు చేత్తో మొదలుపెట్టి, టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి. ఎయిర్ గన్‌తో బిగిస్తే ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు.
4. దాదాపు 80 కిలోమీటర్లు నడిపాక మళ్లీ టార్క్ చూడాలి. రెండు బోల్టులు కాస్త కదిలాయి.

చక్రం మొత్తం బరువు స్నానాల గది తూకం మీద: ముందు పాతది 21.6 కిలోలు, కొత్తది 20.9. వెనక పాతది 23.1, కొత్తది 22.7. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ పాతవి అరిగి తేలికైన టైర్లు. కొత్త రన్‌ఫ్లాట్‌తో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఎక్కించి, బ్యాలెన్స్ చేసి: 2,400. దశ ఖర్చు: రూ. 5,700. మొత్తం: రూ. 1,20,800

ఆ సాయంత్రమే ఓఆర్ఆర్ ఎక్కితే 90 దగ్గర సీటు కింద వణుకు. 75 దగ్గర లేదు, 110 దగ్గర తగ్గింది. స్టీరింగ్‌లో కాకుండా సీట్లో వణుకు వస్తే మొదట వెనక చక్రాలనే అనుమానించాలి. మళ్లీ వెళ్తే అదే మెషీన్ అదే చక్రానికి "సున్నా" చూపించింది. చక్రాన్ని షాఫ్టు మీద కొంచెం తిప్పి బిగిస్తే 15 గ్రాములు చూపించింది. అంటే తప్పు చక్రంలో కాదు, బిగించే కోన్ సరిగ్గా కూర్చోవడం లేదు. ఈ రిమ్ము మధ్య రంధ్రం 72.6 మి.మీ. కోన్ దానికి వెనకవైపు నుంచి పట్టాలి.

వేరే చోట సరైన కోన్‌తో చేయించాను. వెనక ఎడమ చక్రానికి 85 గ్రాముల బరువు అడిగింది. అంత సీసం అంటించకుండా టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పించాం. 35కి దిగింది. వణుకు పోయింది. నాలుగింటికీ 1,600.

మొత్తం: రూ. 1,22,400

దశ 6: అలైన్‌మెంట్

బీఎండబ్ల్యూ పద్ధతిలో సీట్లలో బరువు పెట్టి, ట్యాంకు నింపి కొలవాలి. షాపులో ఇసుక బస్తాలు లేవు. పక్క కిరాణా కొట్లో 25 కిలోల బియ్యం బస్తాలు అద్దెకి కాదు, నమ్మకానికి ఇచ్చారు.

వెనక క్యాంబర్ రెండువైపులా రెండు డిగ్రీలకి దగ్గరగానే ఉంది. తేడా టోలో దొరికింది. ఎడమ 14 నిమిషాలు లోపలికి, కుడి 3 నిమిషాలు బయటికి (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). కుడి టైరు లోపలి అంచు 1.7కి ఎందుకు వచ్చిందో అక్కడ తెలిసింది. రెండింటినీ లోపలికి 9 నిమిషాల దగ్గరికి తెచ్చారు. క్యాంబర్ తగ్గించమని అడగలేదు. లోపలి అంచుని తినేది ఎక్కువగా తప్పిన టోనే. మలుపుల్లో ఈ కారు నిలబడేది ఆ క్యాంబర్ మీదే.

ఖర్చు 2,500. మొత్తం: రూ. 1,24,900

దశ 7: గాలి (మే చివర, జూన్)

తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉన్న అంకెని 'సున్నా' అనుకుని తేడాలే రాస్తున్నాను. మీ కారు స్టిక్కర్ మీది మీరు చూసుకోండి.

పొద్దున 27 డిగ్రీలకి పెట్టిన గాలి, మధ్యాహ్నం 41 డిగ్రీల నీడలో నిలబెట్టిన కారులోనే 2 పీఎస్ఐ పెరిగింది. లెక్క ప్రకారం కూడా 6, 7 డిగ్రీలకి ఒకటి చొప్పున పెరగాలి. ఓఆర్ఆర్ మీద అరగంట నడిపాక ఇంకో 3. పెట్రోల్ బంకులో వేడి టైరు చూసి "ఎక్కువుంది సార్" అని గాలి తీసేస్తే పొద్దుటికి ఆ మేర తక్కువ ఉంటుంది.

- మొదటి అమరిక, నాలుగూ సున్నా: స్టీరింగ్ తిప్పాక కారు స్పందించడానికి కాస్త ఆలస్యం. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొత్త రబ్బరు మీద అచ్చులోంచి ఊడడానికి రాసిన నూనె కూడా ఉంటుంది కాబట్టి తొందరపడలేదు.
- రెండో అమరిక, ముందు +2: ఆలస్యం చాలావరకు పోయింది. అనంతగిరి మలుపుల తర్వాత ప్రోబ్ థర్మామీటర్‌తో ముందు టైరు లోపల 57, మధ్య 56, బయట 53.
- మూడో అమరిక, వెనక కూడా +2: వెనక మధ్య భాగం 62, అంచులు 57, 55. గాలి ఎక్కువైందని అర్థం. వెనక మళ్లీ సున్నాకి.

నిలబడ్డది ముందు +2, వెనక సున్నా. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడొద్దు. పైపొర ఆగేలోపే చల్లబడిపోతుంది, కొలతలు తప్పు దారి పట్టిస్తాయి.

ఫోన్ యాప్‌తో ఒకే రోడ్డు మీద 80 వేగంలో శబ్దం: పాతవి 72.5 డెసిబెల్స్, కొత్తవి 69.5.

దశ 8: వాన, ఒక మేకు (జూలై)

ఏప్రిల్ అకాల వర్షంలో ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద జీపీఎస్ లాగర్‌తో పాత టైర్ల బ్రేకింగ్ రాసిపెట్టాను. 60 నుంచి సున్నాకి సగటున 19.8 మీటర్లు. అదే రోడ్డు, జూలై వాన, కొత్త టైర్లు: 16.1. అరిగిన పాతవాటితో పోలిక కాబట్టి ఈ ఘనతంతా మోడల్‌కే కట్టబెట్టలేం. కొత్త రన్‌ఫ్లాట్ వేసినా చాలావరకు తగ్గేది.

వారానికోసారి గాలి చూసే అలవాటులో వెనక కుడి 5 పీఎస్ఐ తక్కువ కనిపించింది. ట్రెడ్ మధ్యలో మేకు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక రాలేదు. ఈ కారులో టైరు లోపల సెన్సార్లు లేవు. చక్రాల వేగాల తేడా చూసి గాలి తగ్గిందని ఊహించే వ్యవస్థ అది, టైర్లు మార్చాక రీసెట్ కూడా చేశాను. గాలి బాగా తగ్గితే గానీ దానికి తెలియదు. రన్‌ఫ్లాట్ ఉన్నంతకాలం ఆ ఆలస్యం పెద్ద నష్టం కాదు. సాదా టైరుకి అంతవరకు ఆగితే సైడ్‌వాల్ నలిగి టైరే పోతుంది. కాబట్టి వాల్వ్ మూత స్థానంలో బిగించే సెన్సార్ల సెట్టు కొన్నాను, 2,800. ఒక్కోటి 10 గ్రాములు. లోహపు వాల్వులు వేయించడం ఇక్కడ కలిసొచ్చింది, రబ్బరు కాడకి ఆ బరువు మంచిది కాదు.

మేకుకి తాడు వేసి వదిలేయకుండా, టైరు విప్పి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించాను, 500. సెన్సార్ ప్రకారం అప్పటినుంచి తగ్గలేదు.

దశ ఖర్చు: రూ. 3,300. మొత్తం: రూ. 1,28,200

ప్రస్తుత స్థితి: 3,000 కి.మీ.

ట్రెడ్ మి.మీ.లలో, లోపల / మధ్య / బయట. కొత్తగా ఉన్నప్పుడు నాలుగూ 7.5.

- ముందు ఎడమ: 7.2 / 7.2 / 7.1
- ముందు కుడి: 7.2 / 7.2 / 7.1
- వెనక ఎడమ: 6.7 / 6.9 / 6.9
- వెనక కుడి: 6.7 / 6.8 / 6.9

వెనక లోపలి అంచుకీ బయటి అంచుకీ తేడా 0.2. తర్వాతి కొలత 6,000 దగ్గర. అప్పటికి ఆ తేడా 0.4 దాటితే టో మళ్లీ చూపించాలి. శ్రీశైలం ప్రయాణానికి అదనంగా చేసేవి రెండే: మధ్యాహ్నం రెండు లోపు మన్ననూరు దాటడం, ఫ్లాట్‌బెడ్ నంబరు కాగితం మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టడం. వెనక టైర్లు ఈ లెక్కన ముందువాటికంటే చాలా ముందే అరుగుతాయి కాబట్టి, 4 మి.మీ.కి రాగానే 255/35 కోసం మళ్లీ ఫోన్లు మొదలుపెడతాను.